సర్కోజీ – గడాఫీ కేసు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్రాన్స్ మాజీ అధ్యక్షుడు నికోలా సర్కోజీ 2025 అక్టోబరు 21న పారిస్‌లోని లా సాంతే జైలుకు వెళ్లారు. ఆ వార్త మన పత్రికల్లోనూ వచ్చింది. చాలామంది దాన్ని మరో నాయకుడు, మరో అవినీతి కేసు అనుకుని పేజీ తిప్పేశారు. ఆ వార్త వెనక ఇరవై ఏళ్ల కథ ఉంది. ఒక దేశాధ్యక్ష పదవికి పోటీపడే మనిషి తరఫున, మరో దేశపు నియంత దగ్గర చేయి చాచిన కథ అది. దీని గురించి మిత్రులు, పాఠకులు పదేపదే అడిగిన ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ఒక విషయం ముందే చెప్పాలి. కింద "కోర్టు" అన్నప్పుడల్లా 2025 సెప్టెంబరు 25న తీర్పు ఇచ్చిన పారిస్ క్రిమినల్ కోర్టు అని అర్థం. ఆ తీర్పుపై సర్కోజీ అప్పీలు చేశారు. ఫ్రెంచి చట్టం ప్రకారం తుది తీర్పు వచ్చేదాకా ఆయనను నిర్దోషిగానే భావించాలి.

అసలు ఈ కేసు దేని గురించి?

2007 అధ్యక్ష ఎన్నికల ప్రచారం కోసం లిబియా నియంత ముఅమ్మర్ గడాఫీ నుంచి రహస్యంగా డబ్బు తెచ్చుకోవడానికి సర్కోజీ బృందం ఒప్పందం కుదుర్చుకుందన్నది ప్రాసిక్యూషన్ వాదన. ఆ మంతనాలు మొదలైన 2005లో సర్కోజీ ఫ్రాన్స్ హోం మంత్రి. అధ్యక్ష పీఠం మీద కన్నేసిన సంగతి అందరికీ తెలుసు. డబ్బుకు బదులుగా లిబియా మూడు మేళ్లు ఆశించిందని ప్రాసిక్యూటర్లు చెప్పారు: ప్రపంచం ముందు గడాఫీ పరువు నిలబెట్టడం, వ్యాపార ఒప్పందాలు కుదర్చడం, ఆయన తోడల్లుడైన గూఢచార అధిపతి సెనుసికి ఫ్రాన్స్‌లో పడిన శిక్ష విషయంలో దారి చూపడం.

ఈ మూడోది చాలా వార్తల్లో ఒక వాక్యంతో సరిపోయింది. నా దృష్టిలో కేసుకు గుండెకాయ అదే.

గడాఫీతో అప్పట్లో అందరూ మాట్లాడుతున్నారు కదా, సర్కోజీ మాట్లాడితే తప్పేమిటి?

మాట్లాడడం తప్పు కాదు. 1969లో సైనిక తిరుగుబాటుతో అధికారం చేజిక్కించుకున్న గడాఫీ చాలా ఏళ్లు వెలివేతలో గడిపాడు. 2003లో సామూహిక విధ్వంస ఆయుధాలను వదులుకుంటానని ప్రకటించాడు. ఐక్యరాజ్యసమితి ఆంక్షలు ఎత్తేసింది. 2004 మార్చిలో బ్రిటన్ ప్రధాని టోనీ బ్లెయిర్ స్వయంగా వెళ్లి ఆయన్ను కలిశారు. చమురు ఉన్న దేశం, మధ్యధరా సముద్రం దాటివచ్చే వలసలకు తలుపు లాంటి దేశం. ఐరోపా ప్రభుత్వాలకు లిబియాతో పని ఉంది.

అయితే దేశాల మధ్య మాటలకు ఒక పద్ధతి ఉంటుంది. రాయబారికి తెలియాలి, అధికారులు పక్కన ఉండాలి, ఏం మాట్లాడారో కాగితం మీద ఉండాలి. ఈ కేసులో కోర్టు పట్టుకున్నది ఆ పద్ధతి తప్పిన సమావేశాలను. అవి ఎవరితో జరిగాయో చూస్తే మనసు చివుక్కుమంటుంది.

సెనుసి ఎవరు? ఆయన పేరు ఇంత ముఖ్యం ఎందుకు?

అబ్దుల్లా అల్ సెనుసి గడాఫీకి భార్య తరఫు బంధువు, తోడల్లుడు. లిబియా గూఢచార వ్యవస్థలో పెద్ద తలకాయ.

1989 సెప్టెంబరు 19న కాంగో రాజధాని బ్రజావిల్ నుంచి చాద్ మీదుగా పారిస్‌కు వెళ్తున్న ఫ్రెంచి సంస్థ యూటీఏ విమానం 772 నైజర్ దేశంలోని టెనెరె ఎడారి మీద గాలిలోనే పేలిపోయింది. 170 మంది చనిపోయారు. వారిలో 54 మంది ఫ్రెంచివారు. అంతకు తొమ్మిది నెలల ముందు స్కాట్లండ్‌లోని లాకర్‌బీ మీద మరో విమానం పేలి 270 మంది చనిపోయారు. లాకర్‌బీ ప్రపంచానికి గుర్తుంది. టెనెరె అంతగా గుర్తు లేదు. సామానులో పెట్టిన బాంబే కారణమని దర్యాప్తులో తేలింది. 1999లో పారిస్ కోర్టు సెనుసితో సహా ఆరుగురు లిబియన్లకు, వారు హాజరు కాకుండానే, యావజ్జీవ శిక్ష వేసింది. లిబియా వారిని అప్పగించలేదు. 2004లో మాత్రం బాధిత కుటుంబాలకు 17 కోట్ల డాలర్ల పరిహారం ఇవ్వడానికి ఒప్పుకుంది.

ఆ పరిహారంలో కొంత సొమ్ముతో కుటుంబాలవారు అదే ఎడారిలో ఒక స్మారకం కట్టారు. దాని చిత్రాన్ని ఎవరైనా ఒకసారి చూడాలి. ఇసుక మీద నల్లరాళ్లతో పరిచిన నిండు వలయం. ఆ వలయం నడుమ రాళ్లు పరచకుండా వదిలిన ఇసుకే విమానం ఆకారంలో కనిపిస్తుంది. చుట్టూ 170 పగిలిన అద్దాలు, ఒక్కో ప్రాణానికి ఒకటి. ఒకవైపు ఆ విమానపు రెక్కనే తెచ్చి నిలబెట్టారు. చెట్టూ చేమా లేని చోట రాళ్లను ఎక్కడి నుంచో లారీల్లో మోసుకొచ్చి, చేతులతో పేర్చారు. ఉపగ్రహ చిత్రాల్లోనూ అది కనిపిస్తుంది.

ఆ రాళ్లు పేర్చింది 2007 మే, జూన్ నెలల్లో. సర్కోజీ అధ్యక్షుడిగా గెలిచింది 2007 మే 6న.

2005లో ట్రిపోలీలో ఏం జరిగింది?

హోం మంత్రిగా సర్కోజీ 2005 అక్టోబరు 6న ట్రిపోలీ వెళ్లి గడాఫీని కలిశారు. అక్రమ వలసలు, ఉగ్రవాదం గురించి మాట్లాడడానికని అధికారికంగా చెప్పారు. దానికి కొద్ది రోజుల ముందు ఆయన కార్యాలయ అధిపతి క్లోద్ గేయాన్ అక్కడికి వెళ్లారు. ఫ్రెంచి రాయబారికి తెలియకుండా సెనుసితో సమావేశమయ్యారు. వెంట ఉన్నది జియాద్ తకియెద్దీన్ అనే లెబనాన్ మూలాల దళారి. డిసెంబరులో సర్కోజీకి చిరకాల స్నేహితుడు, అప్పటి సహాయ మంత్రి బ్రీస్ ఓర్తఫ్యో కూడా ట్రిపోలీ వెళ్లారు. ఆయనా సెనుసిని కలిశారు. వెంట మళ్లీ అదే తకియెద్దీన్.

తమను తకియెద్దీన్ వలలో పడేశాడని, ఎవరి దగ్గరికి తీసుకెళ్తున్నాడో ముందు తెలియదని ఇద్దరూ కోర్టులో చెప్పారు. ఆ సమావేశాల సంగతి సర్కోజీకి చెప్పలేదని కూడా అన్నారు. ఒక్కసారి ఆలోచించండి. మీ దేశ పౌరులు 54 మందిని చంపిన కేసులో యావజ్జీవ శిక్ష పడిన మనిషి ముందు మిమ్మల్ని ఎవరో మోసం చేసి కూర్చోబెట్టారు. మీరు ఫ్రాన్స్ పోలీసు వ్యవస్థను నడిపే మంత్రి దగ్గర కుడిభుజం. తిరిగి వచ్చాక ఆ మంత్రికి ఆ మాట చెప్పరా? మూడు నెలల్లో మరో ఆప్తుడు వెళ్లి అదే ఉచ్చులో పడతారా? కోర్టు ఈ వివరణను నమ్మలేదు.

డబ్బు నిజంగా కదిలిందా?

లిబియా నుంచి బయటికి వచ్చింది. 2006లో తకియెద్దీన్ నడిపే రాస్‌ఫీల్డ్ అనే కంపెనీ ఖాతాలోకి లిబియా ప్రభుత్వం నుంచి దాదాపు 60 లక్షల యూరోలు చేరాయి. అంతవరకు బ్యాంకు జాడలు ఉన్నాయి. అక్కడి నుంచి నోట్ల కట్టలుగా మారాక జాడ పలచబడింది.

మరో ఆధారం షుక్రీ ఘానెం చేతిరాత పుస్తకం. ఆయన లిబియా మాజీ ప్రధాని, తర్వాత చమురు మంత్రి. 2007 ఏప్రిల్ 29న రాసుకున్న పేజీలో, సర్కోజీ కోసం పంపిన మొత్తాల గురించి ఆ రోజు విన్న మాటలు ఉన్నాయి. అన్నీ కలిపితే 65 లక్షల యూరోలు. ఈ పేజీకి ఎందుకంత విలువ అంటే, అప్పటికి సర్కోజీ ఇంకా గెలవలేదు, గడాఫీతో ఏ గొడవా లేదు. పగతో తర్వాత అల్లిన కథ అనడానికి అక్కడ వీలు లేదు. సరిగ్గా ఐదేళ్ల తర్వాత, 2012 ఏప్రిల్ 29న ఘానెం శవం వియన్నాలో డాన్యూబ్ నదిలో దొరికింది. నీటిలో మునిగి చనిపోయారని, హత్య జరిగినట్టు ఆనవాళ్లు లేవని ఆస్ట్రియా పోలీసులు చెప్పారు.

గేయాన్ లాకర్ గురించి ఏదో విన్నాం. అదేమిటి?

2007 మార్చిలో, ప్రచారం పతాక స్థాయిలో ఉన్నప్పుడు, గేయాన్ పారిస్‌లో ఒక బ్యాంకు శాఖలో పెద్ద లాకరు అద్దెకు తీసుకున్నారు. మనిషి నిలబడగలిగేంత పెద్దది. కొన్ని నెలల్లోనే వదిలేశారు. అందులో ఏం పెట్టారని దర్యాప్తు అధికారులు అడిగితే సర్కోజీ ప్రసంగాల ప్రతులు దాచానని చెప్పారు. ప్రసంగం అంటే వేలమంది ముందు మైకులో చెప్పేది కదా. దాన్ని ఇనుప తలుపుల వెనక దాచడం దేనికో ఆయన మాటల్లో ఎక్కడా తెలియలేదు.

ఇంకొకటి ఉంది. 2008లో ఆయన పారిస్‌లో ఒక అపార్ట్‌మెంటు కొన్నారు. దానికోసం విదేశం నుంచి 5 లక్షల యూరోలు వచ్చాయి. తన దగ్గరున్న పదిహేడో శతాబ్దపు రెండు చిన్న సముద్ర చిత్రాలను మలేషియా లాయరు ఒకరికి అమ్మితే వచ్చిన డబ్బు అన్నారు. ఆ చిత్రకారుడి బొమ్మలకు అంత ధర పలకదని నిపుణులు తేల్చారు. ఆ సొమ్ము మూలం అలెగ్జాండర్ జూరీ అనే మరో దళారి వైపుకు, అక్కడి నుంచి లిబియా పెట్టుబడి నిధి వైపుకు దారి తీసింది. ఈ భాగంలో గేయాన్‌కు అవినీతి నేరం కింద శిక్ష పడింది.

గడాఫీకి ప్రతిఫలంగా ఏం దక్కింది?

గౌరవం దక్కింది. దానికోసమే ఆయన ఎక్కువ తహతహలాడాడు.

2007 జూలై 24న లిబియా జైల్లో ఎనిమిదేళ్లకు పైగా మగ్గిన ఐదుగురు బల్గేరియా నర్సులు, పాలస్తీనా మూలాలున్న ఒక డాక్టరు విడుదలయ్యారు. బెంఘాజీ ఆసుపత్రిలో 400 మందికి పైగా పిల్లలకు హెచ్ఐవీ ఎక్కించారన్న అభియోగం మీద వారికి మరణశిక్ష పడింది. ఆ అభియోగంలో పస లేదని అంతర్జాతీయ వైద్య నిపుణులు అంతకు ముందే చెప్పారు. వారిని తీసుకురావడానికి సర్కోజీ అప్పటి భార్య సెసీలియా వెళ్లారు. మంచి పనే. మర్నాడే సర్కోజీ ట్రిపోలీలో దిగి, సముద్రపు నీటిని మంచినీరుగా మార్చడానికంటూ అణు సహకార ఒప్పందం మీద సంతకాలు పెట్టించారు.

డిసెంబరు 10న గడాఫీ పారిస్ వచ్చాడు. అధ్యక్ష భవనం పక్కనే ఉన్న మరిన్యీ అతిథి భవనం తోటలో ఆయన కోసం బెదుయీన్ గుడారం వేశారు. ఆ తేదీ ప్రపంచ మానవ హక్కుల దినం. సర్కోజీ మంత్రివర్గంలోనే మానవ హక్కుల శాఖ చూస్తున్న రమా యాద్ ఆ రోజు పత్రికతో మాట్లాడుతూ, ఏ నాయకుడైనా వచ్చి తన నేరాల నెత్తురు కాళ్లు తుడుచుకుని పోవడానికి మన దేశం కాలిపట్టా కాదని గడాఫీ గుర్తించాలన్నారు. అప్పటికి ఆమెకు ముప్పై ఒకటో ఏడు నడుస్తోంది. సెనెగల్‌లో పుట్టి ఫ్రాన్స్‌లో పెరిగిన ఆమె కొత్తగా మంత్రి అయ్యారు. తనకు పదవి ఇచ్చిన నాయకుడి అతిథి గురించి ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో రాజకీయాలు చూసినవారికి తెలుసు.

ఇక సెనుసి విషయం. ఆయన శిక్ష ఫ్రాన్స్ పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. ఆ వాగ్దానం నెరవేరలేదు. వాగ్దానం చేయడమే నేరమని కోర్టు భావించింది.

డబ్బు తీసుకుంటే 2011లో అదే గడాఫీ మీద బాంబులు ఎందుకు వేయిస్తారు?

సర్కోజీ వాదనలో బలమైన ప్రశ్న ఇదే. 2011 మార్చి 19న లిబియా మీద దాడులు మొదలుపెట్టిన దేశాల్లో ఫ్రాన్స్ ముందు వరసలో నిలిచింది. బెంఘాజీలో జనాన్ని ఊచకోత నుంచి కాపాడాలని ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1973వ తీర్మానం చేసింది. అక్టోబరు 20న సిర్తే దగ్గర గడాఫీ హతుడయ్యాడు.

దాడులకు మూడు రోజుల ముందు, మార్చి 16న, గడాఫీ కొడుకు సైఫ్ అల్ ఇస్లాం టీవీ కెమెరా ముందు కూర్చుని, సర్కోజీ ఎన్నికల ప్రచారానికి మేమే డబ్బిచ్చాం, ముందు ఆ డబ్బు తిరిగి ఇవ్వమనండి అన్నాడు. ఇది కక్షతో అన్న మాట అని సర్కోజీ అంటారు. కక్ష ఉండి ఉండవచ్చు. కక్షతో ఉన్న మనిషి నిజం చెప్పకూడదని లేదు, అబద్ధం చెప్పడనీ లేదు. అందుకే కోర్టు సైఫ్ మాట మీద తీర్పు కట్టలేదు. 2005 నుంచి 2007 దాకా ఉన్న ప్రయాణాలు, బ్యాంకు బదిలీలు, చేతిరాత పుస్తకం మీద కట్టింది. యుద్ధం ఆ తర్వాత నాలుగేళ్లకు వచ్చింది. అరబ్ దేశాల్లో ప్రజా తిరుగుబాట్లు మొదలయ్యాక లెక్కలన్నీ తారుమారయ్యాయి. తర్వాత శత్రుత్వం వచ్చిందన్న కారణంతో ముందటి ఇచ్చిపుచ్చుకోవడం జరగలేదని తేల్చలేం.

5 కోట్ల యూరోల పత్రం నకిలీదని కోర్టే చెప్పింది కదా?

అవును, బహుశా నకిలీదే అయి ఉంటుందని కోర్టు చెప్పింది. 2012 ఏప్రిల్‌లో, అధ్యక్ష ఎన్నికల రెండు విడతల మధ్య, మీడియాపార్ట్ అనే ఇంటర్నెట్ పత్రిక ఒక పత్రాన్ని ప్రచురించింది. సర్కోజీకి 5 కోట్ల యూరోలు ఇవ్వడానికి లిబియా ఒప్పుకున్నట్టు 2006 డిసెంబరు తేదీతో, విదేశీ గూఢచార అధిపతి మూసా కూసా సంతకంతో అది ఉంది. సర్కోజీ మద్దతుదారులు ఈ ఒక్క విషయాన్ని పట్టుకుని కేసంతా బూటకమంటున్నారు. తీర్పు చదివితే ఆ పత్రాన్ని పక్కన పెట్టి, మిగిలిన ఆధారాల మీదే కోర్టు నిర్ణయానికి వచ్చిందని తెలుస్తుంది.

తకియెద్దీన్ మాట మార్చాడు కదా. అలాంటివాడిని ఎలా నమ్ముతారు?

నమ్మనక్కర్లేదు. కోర్టు కూడా ఆయన మాటను ఆధారం చేసుకోలేదు. ట్రిపోలీ నుంచి సూట్‌కేసుల్లో మొత్తం 50 లక్షల యూరోలు తెచ్చి ఫ్రాన్స్ హోం శాఖలో అందజేశానని 2016లో చెప్పాడు. 2020 నవంబరులో బీరుట్ నుంచి, అదంతా అబద్ధమన్నాడు. కొద్ది వారాలకే మళ్లీ మాట మార్చాడు. ఆ మాట మార్పు వెనక డబ్బు ఉందా అన్న అనుమానం మీద సాక్షిని ప్రభావితం చేశారనే వేరే దర్యాప్తు నడుస్తోంది. అందులో సర్కోజీతో పాటు ఆయన భార్య కార్లా బ్రూనీ పేరు కూడా ఉంది. ఇద్దరూ తప్పేమీ చేయలేదంటున్నారు. తకియెద్దీన్ 2025 సెప్టెంబరు 23న, తీర్పుకు రెండు రోజుల ముందు, బీరుట్‌లో మరణించాడు.

డబ్బు ప్రచారానికి చేరినట్టు రుజువు కాలేదు. మరి శిక్ష ఎలా వేశారు?

ఎక్కువమందికి తికమక ఇక్కడే. నాలుగు అభియోగాల్లో మూడింటి నుంచి సర్కోజీ బయటపడ్డారు: లంచం తీసుకోవడం, అక్రమ ఎన్నికల నిధులు, లిబియా ప్రజాధనం కాజేసిన సొమ్మును దగ్గర పెట్టుకోవడం. మిగిలింది నేరపూరిత కుట్ర. దాని మీదే శిక్ష.

మన ఊళ్లో ఉదాహరణతో చెబుతాను. నలుగురు కలిసి ఒక ఇంటిని దోచుకోవాలని పథకం వేశారు. ఆ ఇంటి వాచ్‌మన్‌తో రెండుసార్లు రహస్యంగా మాట్లాడారు. వ్యాను మాట్లాడుకున్నారు. చివరికి నగలు ఎవరి చేతికి పోయాయో పోలీసులు చూపించలేకపోయారు. దొంగతనం రుజువు కాకపోయినా కుట్ర నేరం అలాగే నిలబడుతుంది. భారతీయ న్యాయ సంహితలోనూ నేరపూరిత కుట్ర విడిగా శిక్షార్హమైన నేరమే. ఫ్రాన్స్ కోర్టు చెప్పింది ఇదే: లిబియా నుంచి ఆర్థిక సాయం తెచ్చుకోవడానికి తన సన్నిహితులు తన పేరు మీద ప్రయత్నాలు సాగిస్తుంటే సర్కోజీ సాగనిచ్చారు.

నాకు ఈ తర్కం సరైనదనిపిస్తుంది. రహస్య డబ్బుకు రశీదు ఉండదు. నోట్ల కట్ట చివరి చేయి దాకా కనిపిస్తేనే నేరం అంటే, రశీదు రాయకపోవడమే నాయకులకు రక్షణ కవచం అవుతుంది. దానికన్నా ముఖ్యం ఇంకొకటి. నియంత ముందు చేయి చాచిన క్షణంలోనే దేశం తాకట్టులోకి పోతుంది. ఆ చేతిలో ఎంత పడిందన్నది తర్వాతి లెక్క. ఇచ్చినవాడి దగ్గర రహస్యం ఉంటుంది, దాన్ని ఎప్పుడు బయటపెట్టాలో వాడే నిర్ణయిస్తాడు. సైఫ్ చేసింది అదే.

ఎవరెవరికి ఎంత శిక్ష పడింది?

సర్కోజీకి ఐదేళ్ల జైలు, లక్ష యూరోల జరిమానా, ఎన్నికల్లో పోటీకి ఐదేళ్ల అనర్హత. గేయాన్‌కు ఆరేళ్లు. ఎనభై ఏళ్ల వయసు, అనారోగ్యం కారణంగా ఆయన్ను జైలుకు పంపలేదు. ఓర్తఫ్యోకు రెండేళ్లు, కాలికి ఎలక్ట్రానిక్ పట్టీతో ఇంట్లోనే. జూరీకి ఆరేళ్లు. 2007లో ప్రచార కోశాధికారిగా ఉన్న ఎరిక్ వర్త్ నిర్దోషిగా బయటపడ్డారు.

సర్కోజీ జైల్లో ఎన్నాళ్లున్నారు?

ఇరవై రోజులు. అప్పీలు పెండింగులో ఉన్నా శిక్ష అమలు కావాలని కోర్టు ఆదేశించింది. నవంబరు 10న అప్పీలు కోర్టు షరతులతో విడుదల చేసింది. అప్పీలు విచారణను 2026 మార్చి నుంచి జరపాలని నిర్ణయించారు. ఇది కాక మరో రెండు కేసుల్లో ఆయనకు పడిన శిక్షలు ఖాయమయ్యాయి. న్యాయమూర్తిని ప్రభావితం చేయబోయిన కేసులో 2024 డిసెంబరులో, 2012 ప్రచారంలో పరిమితికి మించి ఖర్చుచేసిన కేసులో 2025 నవంబరులో ఫ్రాన్స్ అత్యున్నత కోర్టు తుది మాట చెప్పింది.

ఇదంతా రాజకీయ కక్ష అనే వాదనలో నిజం లేదా?

సర్కోజీ మొదటినుంచీ తాను నిర్దోషినంటున్నారు. జైల్లో పడుకోమంటే పడుకుంటాను, తల ఎత్తుకునే పడుకుంటాను అని తీర్పు రోజు కోర్టు బయట చెప్పారు. అప్పీలు వినకముందే మాజీ అధ్యక్షుణ్ణి జైలుకు పంపడం అవసరమా అన్న ప్రశ్న న్యాయవాదులు కూడా వేశారు. అది గౌరవంగా చర్చించాల్సిన ప్రశ్నే. కానీ తీర్పు చెప్పిన న్యాయమూర్తి నతాలీ గవరీనోకు చంపుతామని బెదిరింపులు వచ్చాయి. అక్కడితో చర్చ హద్దు దాటింది. మూడు అభియోగాలు కొట్టేసి, ఒక పత్రం నకిలీ కావచ్చని తానే చెప్పిన కోర్టును కక్షగట్టిన కోర్టు అనడానికి నాకు నోరు రాదు.

ఫ్రాన్స్‌లో ఇలాంటిది ఇదే మొదటిసారా?

జైలుకు వెళ్లిన మాజీ అధ్యక్షుడు మొదటిసారి. నియంతల సొమ్ము వాసన మాత్రం పాతదే. మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌ను ఏలి, 1977లో తనకు తానే చక్రవర్తి కిరీటం పెట్టుకున్న బొకాస్సా, తర్వాత ఫ్రాన్స్ అధ్యక్షుడైన వలేరీ జిస్కార్ దెస్తాంకు ఆయన ఆర్థిక మంత్రిగా ఉన్నప్పుడు వజ్రాలు బహుమతిగా ఇచ్చాడని 1979లో బయటపడింది. 1981 అధ్యక్ష ఎన్నికల్లో జిస్కార్ ఓడిపోయారు. ఆఫ్రికా పాలకుల నుంచి పారిస్ నాయకులకు తానే నోట్ల పెట్టెలు మోశానని ఒక లాయరు 2011లో పత్రికలకు చెప్పారు. ఆ నాయకులు కాదన్నారు, అది కోర్టులో తేలలేదు.

ఎదురు దిక్కులో ఒక మంచి మార్పు కూడా వచ్చింది. ఈక్వటోరియల్ గినీ అధ్యక్షుడి కొడుకు తెయొదొరిన్ ఒబియాంగ్‌కు పారిస్‌లో వంద గదుల భవనం ఉండేది. అది సొంత దేశ ప్రజల సొమ్ముతో కొన్నదని 2017లో కోర్టు తేల్చి జప్తు చేయమంది. 2021లో ఆ తీర్పు ఖాయమైంది. అలా జప్తయిన సొమ్ము ఆయా దేశాల ప్రజలకే చేరాలని అదే ఏడాది ఫ్రాన్స్ చట్టం చేసింది.

అంత డబ్బు ఎందుకు? ఫ్రాన్స్‌లో ఎన్నికల ఖర్చు తక్కువ కదా?

తక్కువ కాబట్టే ప్రలోభం. 2007లో రెండో విడతకు చేరిన అభ్యర్థి మొత్తం ఖర్చు పరిమితి దాదాపు 2.16 కోట్ల యూరోలు. ఒక వ్యక్తి ఒక ఎన్నికలో 4,600 యూరోలకు మించి ఇవ్వకూడదు. కంపెనీల విరాళాలు 1995 నుంచి నిషిద్ధం. విదేశీ ప్రభుత్వం పైసా ఇవ్వకూడదు. ఇంత గట్టి నియమాలున్న చోట లెక్కలోకి రాని నోటుకు విలువ ఇంకా పెరుగుతుంది.

మన దేశంలో విదేశీ సొమ్ము మీద నిషేధం లేదా?

ఉంది. ప్రజాప్రాతినిధ్య చట్టంలోనూ ఉంది, 1976 నుంచి విదేశీ విరాళాల నియంత్రణ చట్టంలోనూ ఉంది. కానీ దాన్ని ఏం చేశామో గుర్తుంచుకోవాలి. ఒకే విదేశీ మాతృసంస్థ గల కంపెనీల నుంచి బీజేపీ, కాంగ్రెస్ రెండూ విరాళాలు తీసుకుని చట్టాన్ని ఉల్లంఘించాయని 2014లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. ఆ తర్వాత 2016లో విదేశీ సంస్థ అనే మాటకు నిర్వచనాన్నే సడలించారు. 2018లో ఆ సడలింపును వెనక్కి జరిపి 1976 నుంచి వర్తింపజేశారు. పార్లమెంటులో చర్చ లేకుండానే అది గడిచిపోయింది. ఎవరు ఇచ్చారో ఓటరుకు తెలియనివ్వని ఎన్నికల బాండ్లను సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టేసింది.

తెలుగు రాష్ట్రాల్లో మనం ఓటుకు నోటు అని ఎంత మాట్లాడుకుంటామో, ఆ నోటు ఎక్కడి నుంచి వచ్చిందని అంత తక్కువగా అడుగుతాం. పోలింగుకు ముందు చెక్‌పోస్టు దగ్గర కారు డిక్కీలో పట్టుబడ్డ నోట్ల కట్టల ఫొటో పేపర్లో చూస్తాం. ఆ కట్ట ప్రయాణంలో అది ఆఖరి మైలు మాత్రమే.

మన నాయకుల పేర్లు విదేశీ నియంతలతో ముడిపడ్డాయా?

ఒకసారి గట్టిగా వినిపించింది. సద్దాం హుస్సేన్ కాలంలో ఇరాక్‌లో నడిచిన 'ఆహారానికి చమురు' పథకంలో అక్రమాల మీద ఐక్యరాజ్యసమితి తరఫున పాల్ ఓల్కర్ కమిటీ 2005 అక్టోబరులో నివేదిక ఇచ్చింది. చమురు కేటాయింపుల లబ్ధిదారుల జాబితాలో అప్పటి విదేశాంగ మంత్రి నట్వర్ సింగ్ పేరు, కాంగ్రెస్ పార్టీ పేరు కనిపించాయి. ఆయన ఖండించారు. ముందు శాఖ పోయింది, డిసెంబరులో మంత్రి పదవికి రాజీనామా చేశారు. తర్వాత జస్టిస్ పాఠక్ విచారణ ఆయన సొంతంగా డబ్బు తీసుకున్నట్టు ఆధారం లేదంటూనే, పలుకుబడిని వాడారని చెప్పింది. పార్టీకి ప్రమేయం లేదంది. గమనించండి, ట్రిపోలీ సమావేశాలు జరిగింది కూడా ఆ శరదృతువులోనే.

లిబియాతో తెలుగువారికి ఏం సంబంధం?

గడాఫీ కాలంలో నిర్మాణ పనులకు, ఆసుపత్రులకు, కళాశాలలకు మనవాళ్లు చాలామంది వెళ్లారు. 2011 యుద్ధం మొదలైనప్పుడు భారత ప్రభుత్వం ఓడలు, విమానాలు పెట్టి పదిహేను వేలకు పైగా భారతీయులను వెనక్కి తెచ్చింది. దేశం ముక్కలయ్యాక కూడా కొందరు ఉద్యోగం కోసం అక్కడే ఉన్నారు. 2015 జూలైలో సిర్తే విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న నలుగురు భారతీయ అధ్యాపకులను సాయుధులు ఎత్తుకెళ్లారు. కర్ణాటకకు చెందిన ఇద్దరు త్వరగానే బయటపడ్డారు. మిగిలిన ఇద్దరూ తెలుగువారు. వారికి 2016 సెప్టెంబరులో గానీ విముక్తి రాలేదు. ఏడాదికి పైగా వారి ఇళ్లలో ఫోను మోగినప్పుడల్లా గుండెలు ఎలా కొట్టుకుని ఉంటాయో నేను ఊహించగలను.

విమానం బాధితుల కుటుంబాలకు ఈ కేసులో చోటు దొరికిందా?

దొరికింది. 2025 జనవరి 6 నుంచి ఏప్రిల్ 8 దాకా సాగిన విచారణలో వారు బాధిత పక్షంగా కోర్టులో ఉన్నారు. తమ తల్లిని, తండ్రిని, తోబుట్టువులను, బిడ్డలను కోల్పోయినవారు న్యాయమూర్తుల ముందు నిలబడి మాట్లాడారు. తమవారి చావు ఒక బేరంలో పెట్టే వస్తువు అయిందా అన్నదే వారి ప్రశ్న.

సెనుసి 2012 మార్చిలో మారిటేనియాలో పట్టుబడ్డాడు. ఫ్రాన్స్ అప్పగించమని అడిగింది. మారిటేనియా అతణ్ణి లిబియాకు పంపింది. 2015లో ట్రిపోలీ కోర్టు గడాఫీ కాలపు నేరాలకు మరణశిక్ష వేసింది, అది అమలు కాలేదు. పారిస్‌లో 1999లో పడిన యావజ్జీవ శిక్షలో ఒక్క రోజు కూడా అతడు ఫ్రాన్స్ జైల్లో గడపలేదు.